ఏ వేరియబుల్ మోడల్‌లో ఉండాలి? కారణ చిత్రాలు గీసినవారు చెప్పండి

పరిశోధక విద్యార్థిని:
తల్లి పొగ తాగే అలవాటుకూ శిశుమరణాలకూ ఉన్న సంబంధంపై విశ్లేషణ మొదలుపెట్టబోతున్నాను. డేటాలో తల్లి వయసు, చదువు, ఆదాయం, శిశువు పుట్టినప్పటి బరువు ఉన్నాయి. అన్నీ రిగ్రెషన్‌లో (సంబంధాన్ని అంచనా వేసే గణాంక మోడల్‌లో) పెట్టేయమని ఒకరు, ముందు డాగ్ (ఏది దేనికి కారణమో బాణాలతో చూపే చిత్రం) గీయమని మరొకరు అంటున్నారు. మీ అనుభవం ఏమిటి?

గణాంకాల మాస్టారు:
అమ్మా, ఆ బరువు దగ్గర ఆగండి. ఇది మన రంగంలో పేరుమోసిన చిక్కుముడి. 2,500 గ్రాముల లోపు బరువుతో పుట్టిన పిల్లలనే తీసుకుంటే, పొగ తాగే తల్లుల పిల్లల్లో మరణాలు తక్కువగా కనిపిస్తాయి. పొగ బిడ్డను కాపాడుతుందా? ఎంతమాత్రం కాదు. బాణాలు గీసి చూడండి. పొగ నుంచి బరువుకు ఒకటి. పుట్టుకతో వచ్చే లోపాల నుంచి బరువుకు ఒకటి, మరణానికి ఇంకొకటి. బరువు దగ్గర రెండు బాణాలు ఢీకొంటున్నాయి కాబట్టి అది కొలైడర్. దానికి సర్దుబాటు చేశారంటే, అంటే దాన్ని మోడల్‌లో పెట్టినా, ఒకే బరువు పిల్లలనే పోల్చినా, పొగకూ లోపాలకూ మధ్య అసలు లేని లంకె పుట్టుకొస్తుంది. తల్లి పొగ తాగకపోయినా బిడ్డ బరువు తగ్గిందంటే, వెనుక మరింత ప్రమాదకరమైన కారణం ఉండే అవకాశం ఎక్కువ. తేడా అక్కడి నుంచి వస్తోంది. 2006లో హెర్నాండెజ్-డియాజ్ అనే పరిశోధకురాలి బృందం ఈ చిత్రాలతోనే దీన్ని వివరించింది.

క్షేత్ర వైద్యుడు:
మాస్టారి మాటకు ఒకటి కలుపుతాను. పొగ మరణానికి దారితీసే మార్గంలోనూ బరువు ఉంది. మొత్తం ప్రభావం కావాలంటే దాన్ని ముట్టుకోకూడదు.

మా బృందంలో డేటా తెరవకముందే చిత్రం గీస్తాం. గీసిన బాణాల కంటే గీయని బాణాల మీదే వాదన ఎక్కువ. బాణం లేదంటే ఆ ప్రభావం సున్నా అని ఒప్పుకున్నట్టే కదా! అందుకే లేని ప్రతి బాణానికీ పక్కన ఒక వాక్యం కారణం రాయిస్తాను. విసుగ్గా ఉంటుంది, కానీ సమీక్షకుల ప్రశ్నల్లో సగానికి జవాబు అందులోనే దొరుకుతుంది.

సందేహి:
ఎవరికి నచ్చినట్టు వారు గీసుకుంటే దానికి విలువేముంది? ప్రభావం ఎంతో కూడా చిత్రం చెప్పదు.

గణాంకాల మాస్టారు:
ఎంతో చెప్పదు, నిజమే. కానీ తప్పు గీస్తే కొంతవరకు పట్టుబడుతుంది. ఫలానా వాటికి సర్దుబాటు చేశాక ఈ రెండింటికీ సంబంధం ఉండకూడదని సాధారణంగా చిత్రం చెబుతుంది. దాన్ని డేటాలో పరీక్షించవచ్చు. డాగిటీ సాఫ్ట్‌వేర్‌లో గీస్తే ఆ జాబితా, కనీసం వేటికి సర్దుబాటు చేయాలో ఆ జాబితా రెండూ వస్తాయి. ఏకాభిప్రాయం రాకపోతే రెండు చిత్రాలు గీసి, రెండు ఫలితాలూ ప్రచురించండి.

పరిశోధక విద్యార్థిని:
బరువు తీసేస్తున్నాను. చదువుకూ ఆదాయానికీ మధ్య బాణం ఎటు గీయాలో తేలడం లేదు.

క్షేత్ర వైద్యుడు:
రెండూ పొగకూ మరణానికీ ఉమ్మడి కారణాలేనా? వెనుక కొలవని కారణమేదీ లేదా? అయితే రెండింటికీ సర్దుబాటు చేయండి. ఆ బాణం ఎటు తిరిగినా మీ అంచనా మారదు.