వ్రూబెల్ 'డీమన్' ఒళ్ళు అలా ఎందుకుంది? కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను. రష్యన్ సింబలిస్టులు (భావాలను ప్రతీకలతో చూపిన చిత్రకారులు) గీసిన పురుష నగ్నత మీద వచ్చే వారం సెమినార్ ఇవ్వాలి, ఒకటే టెన్షన్.

రష్యన్ చిత్రకారుడు మిఖాయిల్ వ్రూబెల్ 1890లో వేసిన 'కూర్చున్న డీమన్' అనే బొమ్మ తీసుకున్నాను. మాస్కోలోని ట్రెత్యకోవ్ గ్యాలరీలో ఉంది. డీమన్ అంటే దయ్యం, రష్యన్ కవి లెర్మొంతోవ్ కావ్యంలోని పాత్ర. నడుము పైన బట్ట లేదు, కింద నీలం గుడ్డ. భుజాలు, చేతులు చూస్తే పహిల్వానే. కానీ మోకాళ్ళ చుట్టూ వేళ్ళు పెనవేసుకుని, దిగులుగా ఎటో చూస్తుంటాడు. తల కాన్వాస్ పై అంచుకు తగులుతోంది, లేస్తే పట్టడేమో! పక్కనున్న పూలు పలకలు పలకలుగా, రాళ్ళు అతికినట్టున్నాయి. అంతకుముందు వ్రూబెల్ కీవ్‌లోని సెయింట్ సిరిల్ చర్చిలో కుడ్యచిత్రాల పని చేశాడు కదా, ఆ రోజుల్లో కీవ్‌లో చూసిన మొజాయిక్‌ల (రంగురాళ్ళు అతికి చేసే బొమ్మల) ప్రభావమే అనుకుంటున్నాను.

1902 నాటి 'కూలిన డీమన్'లో అదే ఒళ్ళు పీలగా, విరిగిన బొమ్మలా పడి ఉంది. ప్రదర్శన నడుస్తుండగానే ఆయన ముఖాన్ని మళ్ళీ మళ్ళీ దిద్దాడట. కంచుపొడి కలిపిన రంగులు తర్వాత నల్లబడ్డాయి.

నా డౌటల్లా ఒకటే. గ్రీకు శిల్పాల్లో కండలు గెలుపుకు గుర్తు, ఇక్కడ అవే నిస్సహాయతగా కనిపిస్తున్నాయి. ఈ వాదన నిలబడుతుందా? మా సార్ మాత్రం "అది నీ ఊహ" అని కొట్టిపారేశారు. ఈ బొమ్మలను నేరుగా చూసినవాళ్ళుంటే, చర్మం రంగు నిజంగా అంత బూడిదగా ఉంటుందా? ఫోన్‌లో ఒక్కో ఫోటో ఒక్కోలా ఉంది.