జర్మనీకి కొత్తగా వచ్చాను, మాట్లాడే మనిషి లేరు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (బోబ్లింగన్)

నమస్తే అండి. మావారి ఉద్యోగం మీద స్టుట్‌గార్ట్ పక్కన బోబ్లింగన్‌కి వచ్చాం. ఆయన పొద్దున వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. నాకు జర్మన్ రాదు. ఉగాది కార్యక్రమానికి వెళ్తే ఎవరి గుంపులో వాళ్ళు కూర్చున్నారు. రోజూ అమ్మతో గంటలకొద్దీ మాట్లాడతాను, ఫోన్ పెట్టేశాక దిగులు ఇంకా పెరుగుతోంది. కాస్త వివరంగా చెప్పగలరా?

జవాబు (లుడ్విగ్స్‌బుర్గ్)

అమ్మతో మాట్లాడినా దిగులు తగ్గకపోవడంలో వింతేమీ లేదమ్మా. ఒంటరితనం రెండు రకాలని రాబర్ట్ వైస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లోనే విడదీసి చెప్పారు. మనసు విప్పుకునే దగ్గరి మనిషి లేకపోవడం ఒకటి, నలుగురిలో మనమూ ఒకరం అనిపించే గుంపు లేకపోవడం ఇంకొకటి. ఒకదాని లోటు ఇంకొకదానితో తీరదు. మీకు అమ్మ ఉంది, ఆయన ఉన్నారు. లేనిది గుంపు. అది ఫోన్లో దొరకదు.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ముఖపరిచయం కాస్త చనువుగా మారడానికి దాదాపు 50 గంటలు కలిసి గడపాలి. స్నేహం అనిపించుకోవడానికి 90 గంటలు, ప్రాణస్నేహానికి 200 పైనే. ఏడాదికి రెండు పండగల్లో మూడేసి గంటలు కలిస్తే ఆ మొదటి 50కే ఎనిమిదేళ్ళు దాటుతుంది. అదే మనుషులతో వారానికి గంటన్నర గడిపితే ఎనిమిది నెలల్లో అయిపోతుంది. కాబట్టి ఎక్కడికి వెళ్ళాలని కాదు, అదే రోజు, అదే చోట, అవే ముఖాలు ఎక్కడ కనిపిస్తాయని వెతకండి. ఉగాది రోజు మిమ్మల్ని ఎవరూ కావాలని దూరం పెట్టి ఉండరు. వందలమంది ఉన్న హాల్లో ఎవరైనా తెలిసినవాళ్ళ పక్కకే చేరతారు.

మొదటి మెట్టు ఊరి ఫోల్క్స్‌హోఖ్‌షూలె, అంటే పెద్దవాళ్ళకి జర్మన్ లాంటి క్లాసులు నడిపే బడి. మామూలుగా సెమిస్టర్లు ఫిబ్రవరి-మార్చిలో ఒకటి, సెప్టెంబరు-అక్టోబరులో ఒకటి మొదలవుతాయి, ఇంటెన్సివ్ బ్యాచ్‌లు మధ్యలోనూ ఉంటాయి. సాయంత్రం బ్యాచ్ వద్దు, పొద్దుటిది తీసుకోండి. సాయంత్రం వచ్చేవాళ్ళకి పిల్లలు, వంట, రైలు తొందర. పొద్దుట వచ్చేవాళ్ళలో చాలామంది మీలాగే కొత్తవాళ్ళు, భాష రానివాళ్ళు. క్లాసులో బోర్డు చూస్తూ కూర్చున్న గంటలు స్నేహానికి పెద్దగా పనికిరావు. పనికొచ్చేది విరామం, ఆ తర్వాత బస్‌స్టాప్ వరకూ నడక. ఫ్లాస్కులో టీ, రెండు కప్పులు అదనంగా పట్టుకెళ్ళండి. మొదటి రెండు వారాల్లోనే నంబర్లు తీసుకోండి, ఆ తర్వాత జట్లు కుదిరిపోతాయి.

ఇంకోటి. మీ రెసిడెన్స్ కార్డు మీద ఎర్వెర్బ్స్‌టేటిగ్‌కైట్ ఎర్‌లౌప్ట్ అని ఉందేమో చూడండి. ఉంటే ఉద్యోగం చేసుకోవచ్చని అర్థం.

జవాబు (స్టుట్‌గార్ట్, వైహింగన్)

పై అక్కగారు చెప్పింది నిజం. భాష కొంచెం పట్టుబడగానే, అంటే ఏ1 (భాషలో మొదటి స్థాయి) సగం అయ్యాక, ఫెరైన్‌లో, అంటే సంఘంలో చేరండి. ఆట, పాట, తోటపని, కుట్లు, దేనికైనా ఇక్కడ ఒక సంఘం ఉంటుంది. ఏడుగురు కలిస్తే రిజిస్టర్డ్ సంఘం పెట్టుకోవచ్చని చట్టమే చెబుతుంది.

ఊరి పేరు, ఆట పేరు, ఫెరైన్ అని వెతకండి. బాడ్మింటన్ అయితే ఫ్రైట్‌సైట్ అని రాసి ఉన్న జట్టు చూసుకోండి, అది సరదాగా ఆడేవాళ్ళది. "డార్ఫ్ ఇష్ త్సుమ్ ప్రోబెట్రైనింగ్ కొమ్మెన్?" అని ఒక్క వాక్యం మెయిల్ చేస్తే చాలు, రెండు మూడుసార్లు ఊరికే రానిస్తారు. నేలమీద గీతలు పడని అరికాలున్న బూట్లు తీసుకెళ్ళండి, వీధిలో వేసుకునేవాటితో హాల్లోకి రానివ్వరు. లోపలికి వెళ్ళగానే ఒక్కొక్కరికీ చేయి ఊపి పేరు చెప్పండి. వాళ్ళంతట వాళ్ళు వచ్చి పలకరించరు. అది పొగరు కాదు, చొరబడకూడదన్న మర్యాద.

చాలామంది మనవాళ్ళు పొరబాటు చేసేది ఆట అయిపోయాక. బ్యాగ్ సర్దుకుని ఇంటికి పరుగెడతారు. మాటలు మొదలయ్యేదే అప్పుడు. బీరు తాగక్కర్లేదు, ఆప్‌ఫెల్‌షోర్లె (సోడా కలిపిన ఆపిల్ రసం) అడిగి గంట కూర్చోండి. అర్థం కాకపోయినా కూర్చోండి.

బడి సెలవుల్లో జిమ్ హాళ్ళు చాలావరకు మూసేస్తారు. వేసవిలో ఆరు వారాలు పోతాయి, అక్కడే చాలామందికి తీగ తెగిపోతుంది. సెలవులు రాకముందే ఒకరిద్దరితో నడకకో, ఐస్‌క్రీమ్‌కో తేదీ ఖాయం చేసుకోండి. "ఎప్పుడైనా కలుద్దాం" అంటే ఇక్కడ కలవరు. రెండు వారాల ముందు తేదీ, గంట చెప్పాలి, ఆ గంటకే వెళ్ళాలి.

సభ్యత్వం రుసుము బ్యాంకు నుంచి దానంతటదే పోతుంది. మానేయాలంటే రాతపూర్వకంగా చెప్పాలి, అదీ ఎక్కువ చోట్ల ఏడాది చివరికే చెల్లుతుంది. చేరేముందే ఆ నిబంధన అడగండి.

జవాబు (జిండెల్‌ఫింగన్)

ఇరుగుపొరుగును మర్చిపోకండి. ఈ ప్రాంతంలో మెట్లు ఊడ్చి తుడవడం అపార్ట్‌మెంట్‌లో వంతులవారీగా ఉంటుంది, కేర్‌వోహె అంటారు. మీ తలుపుకి చిన్న బోర్డు తగిలించి కనిపిస్తే ఆ వారం మీది. మీ అంతస్తు మెట్లు, కటకటాలు తుడిచి, బోర్డు తర్వాతి వాళ్ళ తలుపుకి తగిలించాలి. పెద్ద వంతు వస్తే బయటి కాలిబాట, శీతాకాలంలో మంచు తీయడం కూడా. మన దగ్గర వాకిలి ఊడవని ఇంటిని వీధిలో ఎలా చూస్తారో, వంతు ఎగ్గొట్టిన ఇంటినీ ఇక్కడ అలాగే చూస్తారు. మొహం మీద అనరు, పలకరింపు మానేస్తారు. మనవాళ్ళు దాన్ని రంగు చూసి చేసే వివక్ష అనుకుంటారు. వివక్ష లేదని అనను, ఉంది. కానీ ముందు బోర్డు సంగతి చూసుకోండి. రాత్రి పది తర్వాత, ఆదివారం మిక్సీ వేయకండి. పక్కింటి పార్సిల్ వస్తే తీసుకుని ఉంచండి, తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు రెండు మాటలు కలుస్తాయి.

ఎవరికైనా పుట్టినరోజు శుభాకాంక్షలు ఒక్కరోజు ముందు కూడా చెప్పకండి, అశుభమనుకుంటారు. తలా ఒక వంటకం తెచ్చే విందుకి పులిహోర తీసుకెళ్తే కారం సగానికి తగ్గించి, గిన్నె పక్కన చీటీ పెట్టండి: ఎర్ట్‌న్యుస్సె, జెన్ఫ్, వైట్‌సెన్. అంటే పల్లీలు, ఆవాలు, గోధుమ. గోధుమ ఎక్కడిదంటారా, డబ్బా ఇంగువలో గోధుమపిండి కలుపుతారు. అలర్జీ ఉన్నవాళ్ళకి అది చిన్న విషయం కాదు. చీటీ చూసి పక్కకొచ్చి అడిగేవాళ్ళూ ఉంటారు.

జవాబు (కార్ల్స్‌రూహె)

తెలుగు సంఘాన్ని వదిలేయకండి, అతిథిగా మాత్రం వెళ్ళకండి. తర్వాతి పండక్కి మూడు వారాల ముందే కమిటీకి రాసి ఒక పని అడగండి. వేదిక మీద పని కాదు, వంటింటి పని. ఆరేడుగురు కలిసి ఉల్లిపాయలు తరిగి, విస్తళ్ళు లెక్కపెట్టి, చివర కుర్చీలు మడతపెట్టేచోట నాలుగైదు గంటలు ఒకే మనుషులతో గడుస్తాయి.

ఇంటిపేరు ఏంటి, అసలు ఏ ఊరు, అక్కడ మీవాళ్ళెవరు అని వరసగా అడుగుతుంటే కులం తీస్తున్నారని అర్థం. ఊరు, జిల్లా చెప్పి మాట మార్చండి. కులం చూసి చేర్చుకునే వాట్సాప్ గ్రూపులు ఇక్కడా ఉన్నాయి. అక్కడ దొరికే ఆదరణ ఇంకొకరిని బయట నిలబెట్టి ఇచ్చేది. ఎంత ఒంటరిగా ఉన్నా అందులోకి వెళ్ళొద్దని నా మాట. పాతవాళ్ళకీ ఒక మనవి: హొసూరు నుంచో, ఖరగ్‌పూర్ నుంచో వచ్చినవాళ్ళ యాసని నవ్వులాటకి కూడా అనుకరించకండి. వాళ్ళు మళ్ళీ రారు.

జవాబు (ట్యూబింగన్)

ఒక్కటే కలుపుతాను. రెండు వారాలకి మించి నిద్ర పట్టకపోయినా, ఆకలి పోయినా, లేచి స్నానం చేయడమే బరువనిపించినా అది కేవలం ఒంటరితనం కాకపోవచ్చు. హౌస్‌ఆర్ట్స్‌ట్ (మామూలుగా చూసే కుటుంబ డాక్టరు) దగ్గరికి వెళ్ళి ఆ మాటే చెప్పండి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలైతే అత్యవసర నంబరు 112. ఇరవై నాలుగు గంటలూ, పేరు చెప్పకుండా ఉచితంగా మాట్లాడటానికి 0800 1110111. ఇంట్లోనే హింస ఉంటే ఆడవాళ్ళ కోసం 116 016, ఇంగ్లీషులో కూడా మాట్లాడతారు. మీ పేరు మీద బ్యాంకు ఖాతా, బస్సులకీ రైళ్ళకీ నెల టికెట్ తప్పక ఉండాలి. బయటికి వెళ్ళడానికి ఎవర్నీ అడిగే పరిస్థితి వద్దు.

ఇంకో ప్రశ్న (ఉల్మ్)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. రెండేళ్ళ పాప ఉంది, క్లాసులకి వెళ్ళలేను. నాలాంటివాళ్ళు ఏం చేయాలి?

జవాబు (లుడ్విగ్స్‌బుర్గ్)

పాపే మీకు దారి. స్పోర్ట్స్ ఫెరైన్‌లో ఎల్టర్న్-కింట్-టుర్నెన్ అని పిల్లలతో కలిసి చేసే వ్యాయామం వారానికి గంట ఉంటుంది, తల్లో తండ్రో వెంట ఉండాలి. చర్చి హాళ్ళలో క్రాబెల్‌గ్రుప్పె, అంటే పసిపిల్లలతో తల్లులు కలిసే గుంపులు, జరుగుతాయి, మామూలుగా ఏ మతం వాళ్ళనైనా రానిస్తారు. పాపకి జారని సాక్సులు, నీళ్ళ సీసా, తొక్క తీసిన పండు ముక్కలు పెట్టుకోండి. ఇంకో బిడ్డకి పెట్టేముందు వాళ్ళమ్మని అడగండి. పది నిమిషాలు ముందే వెళ్ళండి, ఎందుకంటే చాపలు, బల్లలు పరిచేది తల్లులే. చివర అవి గోడవారకి చేర్చేటప్పుడు ఇద్దరు కావాలి, ఒక కొస మీరు పట్టుకోండి.