పెద్దమనిషి అయిన పిల్లని గ్రౌండ్‌కి పంపకూడదా? తేడా పుట్టుకతో వచ్చిందా, మనం పెట్టిందా?

ఇద్దరు పిల్లల అమ్మ, కరీంనగర్

మా పాపకి 12 ఏళ్ళు, బాబుకి 10. ఇద్దరూ రోజూ సాయంత్రం కాలనీ గ్రౌండ్‌లో కబడ్డీ, షటిల్ ఆడేవాళ్ళు. పోయిన నెల పాప పెద్దమనిషి అయింది. ఫంక్షన్ అయిన మర్నాడే మా అత్తమ్మ "ఇంక ఆటలు చాలు" అన్నారు. మా ఆయన అవుననలేదు, కాదనలేదు. "ఆడపిల్లకీ మగపిల్లాడికీ పుట్టుకతోనే తేడా ఉంటది, ఇద్దర్నీ ఒక్క తీరుగా ఎట్ల పెంచుతం?" అని ఊరుకున్నారు.

ఇప్పుడు ఐదు కాగానే బాబు బ్యాట్ పట్టుకుని పోతాడు. పాప కిటికీ దగ్గర కూర్చుంటుంది. నాకు మనసొప్పడం లేదు, అత్తమ్మకి ఏం చెప్పాలో తెలియడం లేదు. పుట్టుకతో వచ్చే తేడా నిజంగా ఎంత? తెలిసినవాళ్ళు చెప్పండి.

మనవళ్ళ తాత, తెనాలి

అమ్మా, పిల్లని ఇంట్లో కూర్చోబెట్టమని నేను అనను. కానీ మీ ఆయన మాటలో నిజం ఉంది. ఇద్దరు మగపిల్లల్ని, ఒక ఆడపిల్లని ఒకే ఇంట్లో పెంచాను. అవే బొమ్మలు, అదే తిండి. మగపిల్లలు చీపురుపుల్లని కూడా కత్తి చేసుకున్నారు. అమ్మాయి లక్కపిడతలు వదల్లేదు.

2002లో కోతుల మీద ఒక ప్రయోగం వచ్చింది. మగకోతులు బంతితో, కారుబొమ్మతో ఎక్కువసేపు ఆడాయి. ఆడకోతులు పిల్లబొమ్మ దగ్గర ఎక్కువసేపు ఉన్నాయి. వాటికి ఎవరు నేర్పారు? అడ్రినల్ గ్రంథి లోపంతో, తల్లి కడుపులోనే మగ హార్మోన్ ఎక్కువగా అందిన ఆడపిల్లలు కూడా కార్లు, లారీల బొమ్మలే ఎక్కువగా ఎంచుకుంటారని పరిశోధకులు మళ్ళీ మళ్ళీ చూశారు. అంతా పెంపకమే అంటే నేను ఒప్పుకోను.

బయాలజీ టీచర్, విజయనగరం

తాతగారూ, తేడా ఉందని నేనూ ఒప్పుకుంటాను. పిల్లలకి చెప్పే పాఠమే అది. అయితే ఆ తేడా ఏ వయసులో ఎలా వస్తుందో ఒకసారి చూడండి.

పదేళ్ళలోపు పిల్లల్లో పరుగులో, బలంలో తేడా చాలా తక్కువ. ఆ తర్వాత ముందు ఎదిగేది ఆడపిల్లే. వాళ్ళు బాగా పొడుగయ్యేది 11, 12 ఏళ్ళకి. మగపిల్లలకి ఆ ఎదుగుదల 13, 14 ఏళ్ళకి గానీ రాదు. మా బడిలో ఏడో తరగతి ప్రేయర్ లైన్ చూస్తే వెనకాల పొడుగ్గా నిలబడేది అమ్మాయిలే. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి మగపిల్లలు వాళ్ళని దాటేస్తారు. టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ వల్ల కండ పెరుగుతుంది, రక్తంలో హిమోగ్లోబిన్ పెరుగుతుంది. అది ఎవరూ నేర్పేది కాదు.

ఇప్పుడు ఆ కరీంనగర్ పాప వయసు చూడండి, 12. తన ఈడు మగపిల్లల కన్నా పొడుగ్గా ఉండే వయసు. సరిగ్గా అప్పుడే మనం ఆట మాన్పిస్తున్నాం. మూడేళ్ళు పోయాక "ఆడపిల్ల కదా, పరిగెత్తలేదు" అంటాం. అందులో హార్మోన్ వాటా ఎంత, కిటికీ దగ్గర గడిచిన మూడేళ్ళ వాటా ఎంత? నా ఇరవై ఏళ్ళ సర్వీసులో ఎనిమిదో తరగతి నుంచి ఆటల పీరియడ్‌లో చెట్టు కింద కూర్చునే అమ్మాయిల్ని వందల మందిని చూశాను. వాళ్ళలో చాలామంది ఆరో తరగతిలో నా కళ్ళ ముందే ఖోఖో ఆడినవాళ్ళు.

ఏ బొమ్మ ఇష్టం అన్నది వేరు, ఏ పని చేతనవుతుంది అన్నది వేరు. మేఘాలయలో ఖాసీలది తల్లి వైపు వంశం, ఆస్తి చిన్నకూతురికి వెళ్తుంది. వాళ్ళకి దగ్గర్లోనే ఉండే కర్బీలది తండ్రి వైపు వంశం. రెండు తెగల్లో కలిపి 1,200 మందికి పైగా చేత ముక్కలు పేర్చే పజిల్ చేయించారు, 2011లో ఫలితాలు వచ్చాయి. కర్బీలలో మగవాళ్ళు ఆడవాళ్ళ కన్నా బాగా వేగంగా పూర్తిచేశారు. ఖాసీలలో ఆ తేడా కనిపించలేదు. "ఆకారాల లెక్కల్లో మగబుర్ర వేరు" అనే మాటని పుట్టుకకి కట్టేసే ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కవలల నాన్న, ఆస్టిన్, అమెరికా

టీచర్ గారి మాటకి నా అనుభవం కలుపుతాను. మాకు కవలలు, బాబు, పాప. పార్కులో నిచ్చెన ఎక్కేటప్పుడు మా ఆవిడ ఒకసారి వీడియో తీసింది. ఇంటికొచ్చి చూసుకుంటే వాడితో "ఎక్కు నాన్నా, ఎక్కు" అంటున్నాను, దానితో "జాగ్రత్తరా, పడతావ్" అంటున్నాను. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే నిచ్చెన. చాలా బాధేసింది.

తర్వాత తెలిసింది, 2000లో అమెరికాలో 11 నెలల పిల్లల మీద ఇలాంటిదే ఒక పరీక్ష చేశారు. ఎంత ఏటవాలు పలక మీద తమ బిడ్డ పాకగలదో తల్లుల్ని ముందే చెప్పమన్నారు. కొడుకుల తల్లులు ఎక్కువ చెప్పారు, కూతుళ్ళ తల్లులు తక్కువ చెప్పారు. పాకించి చూస్తే ఆడపిల్లలకీ మగపిల్లలకీ తేడా లేదు. ఆ పిల్లలకి ఇంకా ఏడాది కూడా నిండలేదు. తాతగారూ, "అవే బొమ్మలు" అన్నారు. బొమ్మలు ఇచ్చేటప్పుడు మన నోట వచ్చే మాటలు కూడా ఒకటేనా?

ఒక్క కొడుకు తల్లి, గుంటూరు

అందరూ ఆడపిల్ల గురించే మాట్లాడుతున్నారు. మా వాడికి 13. చిన్నప్పుడు సినిమా చూసినా ఏడ్చేసేవాడు. "ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా" అని వాడికి నాలుగో ఏట నుంచి అందరూ అన్నారు. నేనూ అన్నాను. ఇప్పుడు వాడు ఏడవడు, మాట్లాడడు కూడా. మార్కులు తగ్గినా చెప్పడు, ఎవరైనా కొట్టినా చెప్పడు. గది తలుపు వేసుకుంటాడు. మన దేశంలో ఆత్మహత్య చేసుకునేవాళ్ళలో పదింట ఏడుగురు మగవాళ్ళేనని ప్రభుత్వ లెక్కలు చెప్తున్నాయి. ఆ అంకె చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడు పుట్టినప్పుడు ఇలా లేడండీ. నాకు తెలుసు.

మనవళ్ళ తాత, తెనాలి

గుంటూరు తల్లీ, వాడి గది తలుపు రోజూ తట్టమ్మా. చెప్పకపోయినా పక్కన కూర్చో.

టీచర్ గారు చెప్పిన ఖాసీల సంగతి నాకు తెలియదు. ఆలోచించవలసిన విషయమే. అయినా ఒక్కమాట. మా తరం వాళ్ళం ఆడపిల్లని ఆట మాన్పించింది బలం లేదని కాదు. రోడ్డు మీద చూపులు, మాటలు, అందులోంచి వచ్చే భయం. ఆ భయం అబద్ధం కాదు కదా?

పీఈటీ మేడం, నిజామాబాద్

తాతగారు అసలు కారణం చెప్పారు. అది పుట్టుక సంగతి కాదు, వీధి సంగతి. వీధి బాగాలేకపోతే శిక్ష పిల్లకి వేస్తున్నాం. ఇందులో నేను తగ్గను.

కరీంనగర్ చెల్లీ, మీ అత్తమ్మకి చెప్పండి. నెలసరి వచ్చిన పిల్ల ఆట మానాలని ఏ డాక్టరూ చెప్పరు. ఆ వయసు నుంచి అసలు చూసుకోవలసింది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తం తక్కువ, అబ్బాయిల్లో 31 శాతం మందికి. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర మింగుతుందో లేదో చూడండి. ఆకుకూర, గుడ్డు పెట్టండి. రన్నింగ్‌లో ఆయాసపడే అమ్మాయిని ముందు నేను రక్తపరీక్షకే పంపుతాను.

మా జిల్లా పాకాల పిల్ల పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. నిఖత్ జరీన్ మా ఊరమ్మాయే, 2022లో బాక్సింగ్ వరల్డ్ ఛాంపియన్ అయింది. అందరూ అంతవాళ్ళు కావాలని కాదు, సాయంత్రం ఒక గంట ఆడుకుంటే చాలు. కాలనీలో ఇంకో నలుగురు అమ్మాయిల్ని జమచేయండి, గుంపుగా పంపండి, మొదటి నెల పెద్దవాళ్ళు ఒకరు అక్కడ కూర్చోండి. భయానికి నాకు తెలిసిన మందు ఇదే.

ఇంకోటి, ఆట మానిన ఆ గంటలో పాప ఏం చేస్తోంది? 2019 టైం యూజ్ సర్వే లెక్కలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు చేస్తున్నారు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. ఆ 299 ఒక్కరోజులో వచ్చింది కాదు. 12 ఏళ్ళకి "ఈ గిన్నెలు కడుగమ్మా" దగ్గర మొదలవుతుంది.

ఇద్దరు పిల్లల అమ్మ, కరీంనగర్

అందరికీ నమస్కారం. మేడం, మీరన్నది నిజం. కిటికీ దగ్గర కాసేపు కూర్చున్నా, ఆ గంటలో చాలాసేపు పాప వంటింట్లోనే ఉంటోంది. నేనే పిలుస్తున్నాను. మీరు రాసేవరకూ గమనించుకోలేదు.

నిన్న రాత్రి టీచర్ గారి పోస్ట్ మా ఆయనకి చదివి వినిపించాను. ప్రేయర్ లైన్ మాట దగ్గర ఆగి, మళ్ళీ చదవమన్నారు. ఈ నెల సాయంత్రాలు షాపు మధ్యలో వచ్చి గ్రౌండ్ దగ్గర కూర్చుంటానన్నారు. పక్కింటి ఇద్దరమ్మాయిలు కూడా వస్తామన్నారు. అత్తమ్మ మాత్రం నాతో మాట్లాడటం లేదు.

ఈ రోజు ఐదున్నరకి పాప షూ వేసుకుని వెళ్ళింది. గిన్నెలు కడగమని బాబుకి చెప్పాను. "నేనెందుకు, అక్క ఉందిగా" అన్నాడు. వాడికి పదేళ్ళే. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలుసు. దాని గురించి రేపు ఇంకో చర్చ పెడతాను, మీరంతా రండి.