మాస్కుతో పరుగెత్తేవాళ్లు కాస్త సలహా చెప్పండి

నమస్కారం అండీ. హైదరాబాద్‌లో ఉంటాను, డస్ట్ అలర్జీ ఉంది. చలికాలం పొద్దున్నే దుమ్ము, పొగ పైకి పోకుండా కిందే ఆగిపోతాయి కదా, మాస్క్ లేకుండా పరుగుకు వెళ్లానంటే ఇంటికొచ్చాక ఒకటే తుమ్ములు. అందుకే ఎన్95 పెట్టుకుంటున్నాను.

నడిచినంతసేపూ బాగానే ఉంటుంది. వేగం పెంచగానే ఇబ్బంది మొదలు. చెమటకీ, ఊపిరి ఆవిరికీ మాస్క్ లోపలంతా తడిసిపోయి, గాలి పీల్చిన ప్రతిసారీ ముక్కుకు అతుక్కుంటోంది. కళ్లద్దాలు మసకబారి రోడ్డు మీద గుంత కూడా కనిపించదు. కళ్లు తిరగడం, ఛాతీ నొప్పి లాంటివి లేవు గానీ ఊపిరి చాలడం లేదని టెన్షన్‌గా ఉంటోంది.

కరోనా వచ్చినప్పుడు, 2020లో, వ్యాయామం చేసేటప్పుడు మాస్క్ వద్దనే చెప్పింది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మనుషులకు దూరంగా ఉండమంది. మరి దుమ్ముకు దూరంగా ఎలా ఉండాలి?

వాల్వ్ ఉన్న మాస్క్ వాడినవాళ్లున్నారా? వదిలిన ఊపిరి సులువుగా బయటికి పోతుంది కాబట్టి తడి తగ్గాలి, పరుగులో నిజంగా తేడా తెలుస్తుందా? సర్జికల్ మాస్క్ తేలికే, కానీ పక్కల నుంచి దుమ్ము దూరిపోతోంది. లేక ఎండెక్కాక వెళ్లడమే మేలా? జిమ్‌కి వెళ్లమని మాత్రం చెప్పకండి, ఆరుబయట పరుగంటే నాకు ప్రాణం. అలర్జీ, ఆస్తమా ఉండి కూడా పరుగెత్తేవాళ్లు ఎవరైనా ఉంటే, మీరేం చేస్తున్నారో దయచేసి రాయండి.