పాత కాలనీలో ఒక్కో ఇల్లూ అపార్టుమెంటుగా మారిపోతోంది: నివాసుల సంఘం ఏం చేయగలదు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది సికింద్రాబాద్ వైపు, 1970లలో సహకార గృహ నిర్మాణ సంఘం వేసిన లేఅవుట్. మూడు వందల గజాల స్థలాలు, ముప్పై అడుగుల రోడ్లు, దాదాపు ప్రతి గేటు పక్కనా ఒక వేపచెట్టో కానుగచెట్టో ఉంటాయి. కొన్నేళ్లుగా ఇళ్లు ఒకటి తరువాత ఒకటి డెవలప్‌మెంటుకు (బిల్డరుకిచ్చి ఫ్లాట్లు కట్టించడానికి) వెళుతున్నాయి. అనుమతి స్టిల్టు (పార్కింగుకు వదిలే కింది స్తంభాల అంతస్తు) మీద మూడు అంతస్తులకే ఉంటుంది గాని, పని పూర్తయ్యేసరికి పైన పెంట్‌హౌస్ పేరుతో ఇంకొకటి లేచి ఉంటుంది. ఒక కుటుంబం ఉన్న చోట ఎనిమిది కుటుంబాలు చేరుతున్నాయి, మురుగు లైను మాత్రం పాతదే కావడంతో గట్టి వాన పడితే మా వీధి మలుపులోని మ్యాన్‌హోల్ పొంగి, ఆ నీళ్లు పల్లంగా ఉన్న ఇళ్ల వరండాల్లోకి వస్తున్నాయి. దీనికి తోడు, లేఅవుట్‌లో పార్కుకని వదిలిన స్థలం తాను కొన్న ప్లాటేనంటూ ఒకరు కాగితాలు చూపిస్తున్నారు.

ఇకపై కాలనీలో అపార్టుమెంట్లు కట్టరాదని సంఘం సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేస్తే అది చెల్లుతుందా? చెల్లకపోతే మరో మార్గం ఏదైనా ఉందా?

మొదటి సమాధానం (న్యాయవాది)

తీర్మానం చెల్లదు. సొసైటీల చట్టం కింద నమోదైన సంఘానికి, నిబంధనల ప్రకారం కట్టుకునే యజమానిని ఆపే అధికారం లేదు. మీ ప్రశ్నలో మూడు వేర్వేరు విషయాలున్నాయి: పార్కు స్థలం, అనుమతికి మించిన కట్టడం, అనుమతి మేరకే కట్టినా మారిపోతున్న కాలనీ తీరు. చట్టం మొదటిదానికి గట్టిగా, రెండవదానికి కొంతవరకు అండగా నిలుస్తుంది. మూడవదానికి దాదాపు నిలవదు.

పార్కుతో మొదలుపెట్టండి. బెంగళూరులోని రాజ్‌మహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ఒక ప్రైవేటు ట్రస్టుకు ఆసుపత్రి కోసం ఇచ్చినప్పుడు అక్కడి నివాసులు కోర్టుకు వెళ్లారు. లేఅవుట్‌లో ఖాళీగా ఉంచాల్సిన స్థలాన్ని కాపాడమని అడిగే హక్కు అక్కడ నివసించేవారికి ఉందని సుప్రీంకోర్టు 1991లో స్పష్టం చేసి, ఆ కేటాయింపు చెల్లదన్న హైకోర్టు తీర్పును సమర్థించింది. మీకు ముందుగా కావలసింది ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను ధ్రువీకరించిన నకలు, అడిగినా ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. పార్కును ఆనుకుని ఉన్న ఇళ్ల పాత సేల్ డీడ్‌లు కూడా తీయించండి, హద్దుల దగ్గర ‘పార్కు’ అని రాసి ఉంటే అంతకు మించిన సాక్ష్యం మీకు అరుదుగా దొరుకుతుంది.

మూడవ విషయంలో చండీగఢ్ పేరు ఎవరో ఒకరు తప్పక ఎత్తుతారు కనుక ఆ సంగతీ చెబుతాను. ఒకే ఇంటిని అంతస్తుల వారీగా ఫ్లాట్లుగా మార్చి అమ్మడాన్ని అక్కడి నివాసుల సంఘం సవాలు చేయగా, 1 నుంచి 30 వరకు ఉన్న సెక్టార్లలో దానికి అడ్డుకట్ట వేస్తూ సుప్రీంకోర్టు 2023 జనవరి 10న తీర్పునిచ్చింది. అయితే ఆ నగరానికి ఒక మాస్టర్ ప్లాను, వారసత్వ హోదా, ఒక ఇల్లు ఒక కుటుంబానికే అన్న పాత నియమం ఉన్నాయి. మీ కాలనీకి అటువంటిదేమీ లేదు.

రెండవ సమాధానం (పట్టణ ప్రణాళికలో పనిచేసి రిటైరైనవాడిని)

వకీలు గారు రెండవ విషయాన్ని క్లుప్తంగా వదిలేశారు. నా ఉద్యోగమంతా దానితోనే గడిచింది కనుక కాస్త వివరంగా రాస్తాను.

భవనం ఎంత ఎత్తు లేవవచ్చు, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి అన్నవి స్థలం విస్తీర్ణాన్ని, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 నిర్ణయిస్తుంది. టీడీఆర్ (ఒకరి నుంచి మరొకరికి బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు) కొనుక్కుని అదనపు అంతస్తు వేసుకునే వీలుంది కాబట్టి, అదనంగా కనిపించిన ప్రతి అంతస్తూ అక్రమమని అనుకోకండి, ముందు అనుమతి పత్రం చూడండి. మంజూరైన ప్లానును పని జరిగే చోట అందరికీ కనబడేలా ఉంచాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. కంప్లీషన్ సర్టిఫికెట్ (ప్లాను ప్రకారం పని పూర్తయిందన్న ధ్రువపత్రం) చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు రుణం ఇవ్వాలని కూడా అందులో చెప్పారు. ఫిర్యాదులో ఈ తేదీని ఉటంకించండి, చదివేవారి ధోరణి మారుతుంది.

అన్నిటికంటే ముఖ్యం ఫిర్యాదు చేసే సమయం. పునాది గుంటలు తీసి స్తంభాలకు మార్కింగు ఇచ్చిన రోజునే టేపు పట్టుకుని ప్రహరీ నుంచి స్తంభం దాకా కొలిచి, ఫొటో తీసి, రాతపూర్వకంగా ఇవ్వాలి. స్లాబులు పడి గృహప్రవేశాలు అయ్యాక ఫిర్యాదు చేస్తే, ఫ్లాటు కొన్న మధ్యతరగతి వాళ్లను రోడ్డున పడేయమని అడిగినట్లు అవుతుంది, ఆ పని ఏ అధికారీ చేయడు. పైగా 2007లో బీపీఎస్, 2015లో బీఆర్‌ఎస్ (పార్టీ కాదు; రెండూ అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకాలే) వచ్చినట్టే మళ్లీ ఏదో ఒకటి వస్తుందన్న ధీమా కట్టేవాళ్లలో ఉంటుంది.

మూడవ సమాధానం (ఇటువంటి కాలనీలోనే ఇల్లున్న వ్యక్తి)

నేను రాసేది మీకు నచ్చకపోవచ్చు. మా నాన్నగారికి ఎనభై దాటాయి. ఇల్లు కురుస్తోంది, మేము ముగ్గురు సంతానం, ముగ్గురమూ మూడు ఊళ్లలో ఉన్నాము. బిల్డరుకు ఇస్తే తలా ఒక ఫ్లాటు వస్తుంది, లిఫ్టు ఉంటుంది, వాచ్‌మన్ ఉంటాడు కనుక నాన్నగారిని ఒంటరిగా వదిలామన్న బెంగ తగ్గుతుంది. మా సంఘంలో డెవలప్‌మెంటు వద్దని గట్టిగా వాదించేవాళ్లలో కొందరు తమ ఇల్లు ఎప్పుడో పడగొట్టి డూప్లెక్స్ కట్టుకున్నవాళ్లే. కాలనీ అందం అందరిదీ అంటున్నారు, ఆ ఖర్చు మాత్రం పాత ఇల్లు మిగిలినవాడి ఒక్కడిదేనా?

నాలుగవ సమాధానం (మరో కాలనీ సంఘం కార్యదర్శి)

పైన రాసిన వారి మాటలో న్యాయం ఉంది, మా కాలనీలో పని ముందుకు సాగింది కూడా అలాంటి కుటుంబాలతో కూర్చుని మాట్లాడాకే. బిల్డరు సంఘం మాట వినడు, కాని ఒప్పందంపై ఇంకా సంతకం చేయని యజమాని మాట వింటాడు, ఎందుకంటే బిల్డరుకు స్థలం కావాలి. అందుకే మేము ‘వద్దు’ అనడం మానేసి, యజమానులు తమ డెవలప్‌మెంటు అగ్రిమెంటులో చేర్చుకోవడానికి ఒక పేజీ షరతులు రాసి ఇచ్చాము. ముందువైపు చెట్టు కొట్టరాదు. స్టిల్టులో పార్కింగు తప్ప గదులు కట్టరాదు. ఇంకుడు గుంత తవ్వాలి. మట్టి తీయడానికి ముందు పక్కింటి గోడలకు తేదీతో ఫొటోలు తీసి, పగుళ్లు వస్తే బాగుచేయాలి. మురుగు కనెక్షను వీధిలోని పాత చిన్న గొట్టానికి కాక పెద్ద లైనుకు ఇప్పించుకోవాలి. ఆ చివరి షరతుకు బిల్డర్లు ఎక్కువగా పేచీ పెడతారు. రోడ్డు తవ్వే ఖర్చులో కొంత సంఘం భరిస్తామన్నాక ఒకరు ఒప్పుకున్నారు, తరువాతి వాళ్లు ఆ లైనునే వాడుకున్నారు.

అందరూ పాటించారని చెప్పను. ఒక చోట చెట్టు ‘గాలివానకు పడిపోయింది’, ఆ రాత్రి మా వీధిలో ఆకు కూడా కదలలేదు.

ప్రశ్న అడిగిన వారి ప్రతిస్పందన

అందరికీ ధన్యవాదాలు. తీర్మానం ఆలోచన విరమించుకుంటున్నాము. లేఅవుట్ నకలు కోసం ఈ వారమే దరఖాస్తు చేస్తాము, పార్కును ఆనుకున్న ఇళ్లలో ఒకరి దగ్గర అసలు సేల్ డీడ్ భద్రంగా ఉందని తెలిసింది. మా కాలనీలో రెండు కుటుంబాలు బిల్డర్లతో మాట్లాడుతున్నాయి గాని ఇంకా సంతకాలు కాలేదు. మూడవ సమాధానాన్ని సంఘం సభ్యులకు ఉన్నదున్నట్టు చదివి వినిపించి, ఆ తరువాతే వారి ఇళ్లకు వెళతాము. కార్యదర్శి గారూ, ఆ షరతుల పేజీని, మురుగు లైను ఖర్చును మీరు ఏ పద్ధతిలో పంచుకున్నారో కూడా కలిపి ఇక్కడ పెట్టగలరా?