రైన్ నది క్రూజ్‌కి అటూ ఇటూ రైలు ప్రయాణం పెట్టుకోవచ్చా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

కిటికీసీటు
అందరికీ నమస్తే. అమ్మానాన్నల్ని యూరప్ తిప్పాలని ఎప్పట్నుంచో అనుకుంటుంటే ఇప్పటికి కుదిరేలా ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎక్కి బాసెల్‌లో దిగే రైన్ క్రూజ్, ఏడు రాత్రులది, దాదాపు ఫిక్స్ అయిపోయాం. నాన్నకి రైలంటే పిచ్చి, కిటికీ పక్కన కూర్చోబెడితే ఆకలి కూడా గుర్తుండదు, అందుకని ఫ్లైట్ పారిస్‌కి రానూపోనూ తీసుకుని, పారిస్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి రైల్లో వెళ్ళి, క్రూజ్ అయ్యాక బాసెల్ నుంచి మళ్ళీ పారిస్‌కి రైల్లోనే వచ్చేద్దామని నా ప్లాన్. క్రూజ్ అమ్మే ఏజెంటేమో మీకెందుకండీ ఈ తలనొప్పి, ఎయిర్‌పోర్ట్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కి మా ప్యాకేజీ ఉంది కదా అంటున్నాడు. నా డౌట్లు: రైలు దిగిన రోజే ఓడ ఎక్కితే రిస్కా? రైలు పాస్ కొనాలా విడి టికెట్లా? అన్నిటికంటే ముఖ్యం, అమ్మకి మోకాళ్ళ నొప్పులు, స్టేషన్ నుంచి ఓడ దాకా పెట్టెలతో ఎలా?

నీటిమీదనడక
ప్లాన్ బాగుందండి, ఏజెంట్ మాట పట్టించుకోకండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా, ముందు రోజే ఆమ్‌స్టర్‌డామ్ చేరిపోండి. పారిస్ నుంచి హైస్పీడ్ రైలు మూడున్నర గంటల లోపే కానీ స్ట్రైకో సిగ్నల్ ఫెయిల్యూరో వచ్చిందంటే ఆ మూడున్నర ఎంతవుతుందో ఎవరూ చెప్పలేరు. ఓడలు మామూలుగా మధ్యాహ్నం నుంచి ఎక్కించుకుని సాయంత్రమో రాత్రో బయల్దేరతాయి, మీ ఒక్కరి కోసం ఆగవు.

అయితే సముద్రం క్రూజ్ మిస్సయినంత భయం ఇక్కడ అక్కర్లేదు. రైన్ పక్కనే రైలు పట్టాలు ఉంటాయి కదా, ఓడ వెళ్ళిపోయినా ఆమ్‌స్టర్‌డామ్ నుంచి జర్మనీలోని కొలోన్‌కి ఐసీఈ అనే హైస్పీడ్ రైలు మూడు గంటల లోపే, ఓడ ఏటికి ఎదురు ఈదుకుంటూ అక్కడికి వచ్చేసరికి మీరు కేథడ్రల్ కూడా చూసేసి రేవులో నిలబడొచ్చు. కొలోన్ మెయిన్ స్టేషన్, కేథడ్రల్, నది మూడూ పక్కపక్కనే. ఓడ ఏ రోజు ఏ ఊళ్ళో ఏ టైముకి ఆగుతుందో ఆ కాగితం ప్రింట్ తీసి బ్యాగ్‌లో పెట్టుకోండి, కంపెనీ ఎమర్జెన్సీ నంబరు కూడా.

రేవు సంగతి: ఆమ్‌స్టర్‌డామ్‌లో నది ఓడలు చాలావరకు సెంట్రల్ స్టేషన్ వెనకవైపు నీళ్ళ ఒడ్డునే ఆగుతాయి. కానీ ఒకే ఊళ్ళో రేవులు నాలుగైదు చోట్ల ఉంటాయి, ఆఖరి నిమిషంలో మారుస్తారు కూడా, కాబట్టి ఊరి పేరు చూసి కాకుండా బోర్డింగ్ పేపర్లో ఉన్న అడ్రస్ చూసి హోటల్ తీసుకోండి. డాన్యూబ్ నది క్రూజుల్లో అయితే ఇంకా తమాషా, ప్రోగ్రాం పేరులో ప్రాగ్ అని ఉంటుంది, తీరా చూస్తే ఓడ ఎక్కేది న్యూరెంబర్గ్‌లోనో పస్సావులోనో, మధ్యలో బస్సు.

టీసీగారు
పాస్ వద్దు. మీవి రెండే ప్రయాణాలు, దానికి యూరైల్ పాస్ (యూరప్ దేశాల రైళ్ళన్నిటికీ కలిపి ఇచ్చే పాస్) కొనడం దండగ. పైగా పారిస్ వచ్చే పోయే ఈ రెండు హైస్పీడ్ రైళ్ళకీ పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ విడిగా డబ్బు కట్టి తీసుకోవాల్సిందే, పాస్ వాళ్ళకి ఇచ్చే సీట్లూ తక్కువే. అమ్మకాలు మొదలవగానే విడి టికెట్లు కొనేసుకోండి, ఆలస్యం చేసేకొద్దీ రేటు ఎక్కుతూ పోతుంది. బాసెల్ నుంచి పారిస్ డైరెక్ట్ రైలు సుమారు మూడు గంటలు, మారే పని లేదు. క్రూజ్ తర్వాత స్విట్జర్లాండ్‌లో కొన్నాళ్ళు తిరుగుతామంటే లెక్క వేరు, అప్పుడు అడగండి.

ఇంకోటి, రైలు గంట లేటైతే టికెట్ డబ్బులో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం వెనక్కి ఇవ్వాలని యూరోపియన్ యూనియన్ రూల్. అది రైలు టికెట్ వరకే, తప్పిపోయిన ఓడకి ఎవరూ పైసా ఇవ్వరు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో మిస్డ్ కనెక్షన్ కవర్ ఉందా, అందులో రైలు కూడా వస్తుందా అని చదివి మరీ తీసుకోండి, కొన్ని పాలసీల్లో ఫ్లైట్ మాత్రమే ఉంటుంది.

ఎగువదిగువ
ఎవరూ నీళ్ళ గురించి మాట్లాడట్లేదేంటి? ఏ నెలలో వెళ్తున్నారు? ఎండాకాలం చివర్నుంచి శరత్కాలం దాకా రైన్‌లో నీళ్ళు తగ్గుతాయి. కౌబ్ అనే ఊరి దగ్గర నీటిమట్టం చూసే కొలబద్ద ఉంది, నది మధ్యలో చిన్న కోట ఉంటుందే, అదే ఊరు. ఓడల వాళ్ళందరి కళ్ళూ దాని మీదే. 2018 అక్టోబర్‌లో అక్కడ 25 సెంటీమీటర్లకి పడిపోయింది. కంగారు పడకండి, ఆ అంకె నది లోతు కాదు, ఓడలు పోయే దారిలో లోతు దానికంటే మీటరు పైనే ఎక్కువుంటుంది, అయినా పెద్ద ఓడలకి చాలదు. అప్పుడేం చేస్తారంటే కిందివైపు ఒక ఓడ, పైవైపు ఒక ఓడ పెట్టి మధ్యలో బస్సులో తరలిస్తారు. మాకు అదే జరిగింది, కోటలన్నీ బస్సు అద్దంలోంచే చూశాం, కంపెనీ ముందు రోజు రాత్రి దాకా ఒక్క ముక్క చెప్పలేదు. వరదొస్తే ఇంకో బాధ, వంతెనల కింద ఓడ పట్టదు.

అందుకే బాసెల్ నుంచి రైలు మాత్రం మార్చుకునే వీలున్న టికెట్ తీసుకోండి, కొంచెం ఎక్కువైనా సరే. నెల మీ చేతుల్లో ఉంటే మే, జూన్ చూసుకోండి.

గూడ్సుబండి
నేను అడ్డంగా మాట్లాడుతున్నా అనుకోకండి, అసలు ఏడు రాత్రుల క్రూజ్ అవసరమా అని. ఆ దారిలో కోటలూ కొండలూ ఉన్నది కోబ్లెంజ్ నుంచి బింగెన్, రూడెస్‌హైమ్ దాకా ఒక 65 కిలోమీటర్లు, యునెస్కో లిస్టులో ఉన్నది కూడా అదే. పైన స్ట్రాస్‌బర్గ్ నుంచి బాసెల్ వైపు చాలా దూరం కాంక్రీటు గట్ల కాలువ, లాకుల్లో ఎక్కడమే. కోబ్లెంజ్‌లో గది తీసుకుని పగటి బోటులో పైకి వెళ్ళి రైల్లో వెనక్కి రావచ్చు, ఏ ఊరి దగ్గర నచ్చితే అక్కడ దిగొచ్చు. రెండు ఒడ్డులకీ రైలు లైన్లున్నాయి, మధ్యలో వంతెన ఒక్కటీ ఉండదు, అవతలికి పోవాలంటే ఫెర్రీయే. ఒడ్డున పెద్ద అంకెలతో కిలోమీటర్ బోర్డులుంటాయి, 554 కనబడితే లోరెలై బండ, అదే నది ఒడ్డున పేరున్న ఆ పెద్ద కొండరాయి, వచ్చేసినట్టే. మీ నాన్నగారికి ఆ బోర్డులు లెక్కపెట్టే పని అప్పజెప్పండి, ఇంకేం అడగరు.

క్రూజే ఖాయం అంటే ఒక చిట్కా. కొలోన్ నుంచి ఎప్పుడైనా దక్షిణానికి రైలెక్కితే ఫ్రాంక్‌ఫర్ట్ ఫాస్ట్ లైను ఎక్కకండి, అది సొరంగాల్లోంచి పోతుంది, నది అసలు కనబడదు. కోబ్లెంజ్, మైన్జ్ మీదుగా వెళ్ళే బండి చూసి, మైన్జ్ వైపు వెళ్ళేటప్పుడు ఎడమ చేతి కిటికీలు తీసుకోండి.

కిటికీసీటు
అందరికీ చాలా థాంక్స్. గూడ్సుబండి అన్నా, మీరన్నది నాన్నకి చదివి వినిపిస్తే సగం అటు తిరిగారు, కానీ రోజూ పెట్టెలు సర్దక్కర్లేదన్న ఒక్క కారణంతోనే అమ్మ ఓడకి ఒప్పుకుంది, కాబట్టి క్రూజే. జూన్‌కి మారుస్తున్నాం, ఒక రోజు ముందే వెళ్తాం. మోకాళ్ళ సంగతి ఎవరైనా చెప్తారా?

నీటిమీదనడక
ఓడలో రూం అడిగేటప్పుడు మధ్య డెక్ అడగండి. లిఫ్ట్ ఉందంటారు గానీ చాలా ఓడల్లో అది అన్నిటికంటే కింది డెక్‌కీ పై ఎండ డెక్‌కీ వెళ్ళదు, ఏ డెక్ నుంచి ఏ డెక్ దాకా అని రాతపూర్వకంగా తెప్పించుకోండి. రేవుల్లో చోటు లేక ఓడ పక్కన ఓడ కట్టేస్తారు, మీది బయటదైతే రెండు మూడు ఓడల్లోంచి నడిచి ఒడ్డుకి రావాలి, ఒక్కోసారి పై డెక్ మీదుగా మెట్లెక్కి దిగాలి. ముందు రోజు రాత్రే రిసెప్షన్‌లో అడిగితే చెప్తారు, అమ్మగారికి ఇబ్బందనిపిస్తే ఆ పూట ఓడలోనే ఉండిపోవచ్చు.

పెట్టెలు ఓడ సిబ్బంది రేవు దాకా మోస్తారు, రైల్లో మాత్రం ఎవరూ మోయరు. మనిషికి ఒక్కటి, అదీ మీరు ఒంటి చేత్తో రైలు మెట్లెక్కించగలిగేంత బరువే. బాసెల్‌లో పొద్దున తొమ్మిదికల్లా రూం ఖాళీ చేయమంటారు, అందుకని పారిస్ రైలు మధ్యాహ్నానిది తీసుకుని, రేవు నుంచి స్టేషన్‌కి టాక్సీలో వెళ్ళిపోయి పెట్టెలు లాకర్లో పడేయండి. ట్రామ్ ఉంది గానీ మీ ముగ్గురికీ సామానుతో వద్దు.