టెక్సస్ చిలీలో చివరికి చేదు తగులుతోంది, ఎక్కడ సరిచేయాలి?

చిలీ అంటే ఎండుమిర్చి ముద్దలో ఉడికించే బీఫ్ కూర. నేను చేసేది బీన్స్, టమాటా లేని టెక్సస్ పద్ధతి; చిలీ 1977 నుంచి ఆ అమెరికన్ రాష్ట్ర అధికారిక వంటకం. కిలో బీఫ్ ముక్కలకి గింజలు తీసిన ఆంచో మిరపకాయలు 5, గ్వాహియో 4 (రెండూ మెక్సికన్ ఎండుమిర్చి రకాలు). పొడి పెనం మీద ఒక్కో వైపు 30 సెకన్లు వేయించి, వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, అవే నీళ్లతో రుబ్బుతున్నాను. ఎర్రగా వేపిన మాంసంలో ఆ ముద్ద, ఉల్లి, వెల్లుల్లి, 2 టీస్పూన్ల జీలకర్ర పొడి వేసి సన్నసెగ మీద రెండున్నర గంటలు.

ముక్క మెత్తబడుతోంది కానీ నాలుక మీద చేదు మిగులుతోంది. మిరపకాయ మాడట్లేదు, నల్లమచ్చ కూడా పడట్లేదు. అందుకే అనుమానం నానిన నీళ్ల మీదే. అవి పారబోసి మాంసం ఉడికిన నీళ్లతో రుబ్బితే మిరప ఘాటు తగ్గిపోతుందా? బెల్లంతో కప్పిపుచ్చమని మాత్రం చెప్పకండి.

ఇంకోటి, చిక్కదనానికి మాసా హరీనా (సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్నతో చేసే మెక్సికన్ పిండి) ఎంత, ఎప్పుడు వేయాలి? ముందే వేస్తే అడుగంటుతోంది.